కందెన మరచిన బండి: అరిగిపోయిన టర్బో ఇంజనుకు పునర్జన్మ

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన సామెత. ఇరుసుకు కందెన పెట్టని ఎడ్లబండి ఊరంతటికీ వినిపించేటట్లు కీచుమంటుంది. ఆ కూత విని బండివాడు దిగి కందెన పూసేవాడు. నేటి మోటారు కారుకు ఆ సుగుణం లేదు. ఇంజనులో కందెన చెడిపోయినా చాలాకాలం ఏ చప్పుడూ వినిపించదు. చప్పుడు వినిపించే నాటికి లోపల జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఈ విషయం ప్రవాసంలో ఉన్న మన కుటుంబాలకు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. అమెరికాలో పెద్ద నగరాలు కొన్నింటిని మినహాయిస్తే, కారు కదలనిదే పాలు కూడా ఇంటికి రావు. కళాశాలకు వెళ్ళే పిల్లలకు, కొత్తగా చదువుకు వచ్చిన విద్యార్థులకు తరచు దొరికేది ఇద్దరు ముగ్గురి చేతులు మారిన కారు. ఒకప్పుడు పందెపు కార్ల సొత్తు అనిపించిన టర్బో ఇప్పుడు మామూలు కుటుంబ వాహనాలలోకి వచ్చేసింది, హోండా సి.ఆర్.వి. వంటి వాహనం కూడా అమెరికాలో 2017 మోడలు నుంచి 1.5 లీటర్ల టర్బో ఇంజనుతో రావటం మొదలుపెట్టింది. ఆయిలు విషయంలో అలక్ష్యాన్ని మామూలు ఇంజను కొంత ఓర్చుకుంటుంది. టర్బో ఇంజను ఓర్చుకోదు. అటువంటి ఇంజను ఎలా పాడవుతుంది, పాడైనదానిని తిరిగి కట్టటమంటే ఏమిటి, డబ్బు పెట్టే ముందు మెకానిక్కును ఏమేమి అడగాలి అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

పొగతో తిరిగే బొంగరం

పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో దాదాపు మూడోవంతు వేడి పొగగా వెనుక గొట్టం నుంచి వృథాగా పోతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రాన్ని పెడితే అది గాలిమర వలె తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన మరొక చక్రాన్ని బిగిస్తే, అది బయటి గాలిని పీల్చి, కుదించి, ఇంజనులోకి నెడుతుంది. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. చిన్న ఇంజను పెద్ద ఇంజను చేసే పని చేస్తుంది. టర్బోఛార్జరు అంటే ఇంతే.

స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి ఈ ఆలోచనకు 1905లోనే పేటెంటు పొందాడు. 1918లో అమెరికన్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజనును కొలరాడోలో 14,000 అడుగులు దాటిన పైక్స్ శిఖరం మీదికి చేర్చి, పలుచని గాలిలో సైతం టర్బో సాయంతో ఇంజను శక్తి తగ్గకుండా నిలబెట్టవచ్చునని నిరూపించాడు. కార్లలోకి అది 1962లో వచ్చింది: జనరల్ మోటార్స్ వారి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మాంజా స్పైడర్.

వీటిలో జెట్‌ఫైర్ కథ మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. కుదించిన గాలి వేడెక్కి, ఇంధనం వేళ కాని వేళ భగ్గుమనకుండా, ఆ కారులో స్వేదన జలం, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవాన్ని చిమ్మే ఏర్పాటు ఉండేది. ద్రవం అయిపోతే యజమాని తిరిగి నింపుకోవాలి. చాలామంది నింపలేదు. ద్రవం లేనప్పుడు ఇంజను తనను తాను కాపాడుకోవటానికి టర్బో ఒత్తిడిని తగ్గించుకునేది. కారు నీరసించిందని యజమానులు ఫిర్యాదు చేసేవారు. చివరకు చాలా కార్లలో టర్బో తీసివేసి మామూలు కార్బురేటరు బిగించారు. యంత్రం ఎంత తెలివైనదైనా, యజమాని చేయవలసిన చిన్న పని మీద అది ఆధారపడి ఉంటే అక్కడే దెబ్బతింటుందని ఆనాడే తేలింది.

ఆయిలు ఎందుకు మడ్డి అవుతుంది?

టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. 1,20,000 చుట్లు అనుకుంటే, మనం రెప్ప వేసేలోగా కొన్ని వందల చుట్లు. ఒక కొసన పెట్రోలు ఇంజను పొగ 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాగుతూ ఉంటుంది. రెండవ కొసన బయటి గాలి. నడుమ ఆ ఇరుసును మోసేది ఇంజనునుంచి ఒక సన్నని గొట్టం ద్వారా వచ్చే ఆయిలు పొర మాత్రమే. బేరింగు లోహానికీ ఇరుసుకూ ఎదురుబొదురు రాపిడి ఉండరాదు. ఆ పొర ఒక్క క్షణం లేకపోయినా లోహం లోహాన్ని తాకుతుంది.

ఆయిలు చేసే పని జారుడు కల్పించటం ఒక్కటే కాదు. అది వేడిని మోసుకుపోతుంది, పిస్టన్ రింగుల సందులను మూస్తుంది, మసిని తనలో తేలేటట్లు పట్టి ఉంచుతుంది, ఆమ్లాలను చంపుతుంది. ఈ పనులకోసం కలిపిన రసాయనాలు క్రమంగా ఖర్చైపోతాయి. వేడికి ఆయిలు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి చిక్కబడుతుంది. పిస్టన్ రింగులను దాటి కిందికి జారిన పొగ, ఆవిరి, మండని పెట్రోలు అందులో చేరతాయి. రెండు మైళ్ళు వెళ్ళి ఆపే చిన్న ప్రయాణాలలో ఇంజను పూర్తిగా కాగదు గనుక ఆ తేమ ఆవిరై పోదు. వేగంగా నడిపి వెంటనే ఆపివేస్తే, కాలుతున్న టర్బోలో కదలక నిలిచిపోయిన ఆయిలు పెనం మీద మాడిన అట్టు వలె గట్టి బొగ్గుగా అంటుకుంటుంది. అన్నీ కలిసి, నూనె కుండ అడుగున పేరుకునే మడ్డి వంటి నల్లని జిగట పదార్థం తయారవుతుంది.

ఇందుకు చక్కని ఉదాహరణ ఫోక్స్‌వాగన్ సంస్థ 1990లలో తీసుకువచ్చిన 1.8 లీటర్ల టర్బో ఇంజను. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 81 మిల్లీమీటర్ల వ్యాసం, పిస్టన్ కదలిక 86.4 మిల్లీమీటర్లు, మొత్తం 1,781 ఘన సెంటీమీటర్లు. సిలిండరుకు ఐదు చొప్పున ఇరవై వాల్వులు. పోత ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్. గట్టి ఇంజనుగా పేరు తెచ్చుకున్నదే. కాని పసాట్, ఆడి ఎ4 కార్లలో నిలువుగా అమర్చిన రకంలో పట్టే ఆయిలు సుమారు నాలుగు లీటర్లే. ఫిల్టరు కూడా చిన్నది. తక్కువ ఆయిలు, ఎక్కువ వేడి, ఆలస్యంగా మార్చటం, నాసిరకం ఆయిలు పోయటం కలిసి అనేక కార్లలో మడ్డి పేరుకుంది. సంస్థ 2004లో ఈ లోపానికి హామీ కాలాన్ని 8 ఏళ్ళకు పొడిగించింది. ఆ కార్లు ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటినవి. అయినా టర్బో ఇంజను జబ్బును అర్థం చేసుకోవటానికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

నష్టం పాకే దారి

ఇంజను అడుగున ఉన్న సంపులోనుంచి ఆయిలును పంపు పైకి లాగుతుంది. పంపు నోటికి ఒక జల్లెడ ఉంటుంది. మడ్డి మొదట ఆ జల్లెడ కన్నులను మూస్తుంది. పంపు బాగున్నా లాగటానికి ఆయిలు అందదు. పీడనం తగ్గగానే ముందు నష్టపోయేవి పంపుకు దూరంగా ఉన్నవి, సన్నని దారి గలవి: టర్బో బేరింగు, హెడ్‌లోని క్యామ్ షాఫ్టులు, వాటి గొలుసును బిగించి ఉంచే టెన్షనరు. తరువాత కనెక్టింగ్ రాడ్ బేరింగులు. వాటి మీది మెత్తని లోహపు పూత అరిగి, ఆ రజను మళ్ళీ ఆయిలులో కలిసి తక్కిన భాగాలను గీరుతుంది. చిక్కిన మడ్డి పిస్టన్ గాళ్ళలో చేరి రింగులను కదలనివ్వదు. అప్పుడు ఆయిలు పైకెక్కి మండి నీలిపొగ వస్తుంది, పొగ కిందికి జారి ఆయిలును ఇంకా పాడుచేస్తుంది. జబ్బు తనను తానే పెంచుకునే వలయం ఇది.

ఇందువలన గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. తరచు మొదట కళ్ళకు కనిపించేది టర్బో చెడిపోవటం. కాని అది లక్షణమే గాని రోగం కాదు. రోగం ఆయిలు దారిలో ఉంది. ఆ దారిని బాగుచేయకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ పాతదాని బాటనే పోతుంది.

విప్పక ముందు చేసే పరీక్షలు

రోగిని కోయక ముందు వైద్యుడు నాడి చూసినట్లే, మంచి మెకానిక్కు ఇంజను విప్పక ముందే కొన్ని పరీక్షలు చేస్తాడు. మొదటిది ఆయిలు పీడనం. డాష్‌బోర్డు దీపాన్ని నమ్మక, మీటరు బిగించి, ఇంజను కాగిన తరువాత చూడాలి. వెయ్యి చుట్లకు పది పౌండ్ల పీడనం అన్నది మెకానిక్కుల పాత లెక్క. ఖచ్చితమైన అంకె ఆ ఇంజను మాన్యువల్‌లో ఉంటుంది. రెండవది కంప్రెషన్ పరీక్ష. నాలుగు సిలిండర్ల అంకెలు దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకదానిలో తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. మూడవది సిలిండరులోకి గాలి ఎక్కించి ఎంత కారుతున్నదో, ఎటు కారుతున్నదో వినే పరీక్ష. ఆయిలు పోసే మూత వద్ద గాలి బుస వినిపిస్తే రింగులు. పొగ గొట్టంలో వినిపిస్తే వాల్వు. రేడియేటరులో బుడగలు వస్తే గ్యాస్కెట్.

ఇక్కడ ఒక హెచ్చరిక. టర్బోనుంచి ఆయిలు కారినంత మాత్రాన టర్బోయే చెడిందని అనుకోరాదు. టర్బోలోని ఆయిలు సంపులోకి తన బరువుతో తానే జారాలి. దానిని తోసే పంపు లేదు. సంపులోని ఆవిరిని బయటకు పంపే గొట్టాలు మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిలు దిగే దారి లేక టర్బో సీళ్ళను దాటి కారుతుంది. కొన్ని రబ్బరు గొట్టాలు, ఒక చిన్న వాల్వు మారిస్తే నయమయ్యే జబ్బుకు టర్బో ఖర్చు పెట్టించేవారు ఉన్నారు.

విప్పటం, కొలవటం

ఇంజను దించి విప్పిన తరువాత అసలు పని కొలవటం. చూపుకు నున్నగా కనిపించిన భాగం కొలతలో తప్పిపోవచ్చు. సిలిండరు వ్యాసాన్ని పైన, నడుమ, కింద, ఒక్కొక్క చోట రెండు దిశలలో కొలుస్తారు. పైభాగం ఎక్కువ అరిగి గరాటు వలె తయారైనా, ఒక ప్రక్క అరిగి కోడిగుడ్డు వలె తయారైనా కొత్త రింగులు ఆనవు. మన ఊళ్ళలో లారీవారు "ఇంజను బోరుకు వచ్చింది" అనేది ఈ స్థితినే. అప్పుడు సిలిండరును కొద్దిగా పెద్దది చేసి, పావు లేదా అర మిల్లీమీటరు పెద్దవైన పిస్టన్లు వేస్తారు.

క్రాంకు షాఫ్టు గీతలు పడితే దానిని సానబట్టి, ఆ మేరకు దళసరి బేరింగులు వేయాలి. బేరింగుకూ షాఫ్టుకూ నడుమ ఉండవలసిన సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు. దీనిని కొలిచే ఉపాయం ముచ్చటైనది: సన్నని మైనపు దారాన్ని షాఫ్టు మీద ఉంచి, బేరింగు టోపీని సరైన బలంతో బిగించి, మళ్ళీ విప్పుతారు. దారం ఎంత వెడల్పుగా నలిగిందో చూసి సందు ఎంతో చెబుతారు. సందు ఎక్కువైతే పీడనం నిలవదు. తక్కువైతే ఆయిలు పొర ఏర్పడదు.

హెడ్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మనం చెప్పుకుంటున్న ఇంజనులో క్యామ్ షాఫ్టులు వేరే బేరింగులు లేకుండా నేరుగా అల్యూమినియంలోనే తిరుగుతాయి. అక్కడ గీతలు లోతుగా పడితే మార్చటానికి బేరింగు లేదు. హెడ్‌నే మార్చవలసి రావచ్చు. వాటి టోపీలు కూడా ఏ స్థానంలోనివి ఆ స్థానంలోనే బిగించాలి. కలిసిపోతే షాఫ్టు పట్టేస్తుంది.

శుభ్రత సగం పని

కొలతల తరువాత వచ్చేది కడగటం. ఎన్నో పునర్నిర్మాణాలు ఇక్కడే విఫలమవుతాయి. బ్లాకులోని ఆయిలు దారుల బిరడాలు తీసి, పొడవైన బ్రష్షులతో తోమి, గాలి ఊది, కాంతి అవతలికి కనిపించేదాకా శుభ్రం చేయాలి. సిలిండరులో రింగులు కుదురుకోవటానికి వీలుగా ఏటవాలు గీతల అల్లిక పడేటట్లు రాతితో నూరుతారు. ఆ నూరుడు రజను పెట్రోలుతో తుడిస్తే పోదు. వేడి సబ్బునీళ్ళతో రుద్ది, తెల్లని గుడ్డతో తుడిచినప్పుడు ఆ గుడ్డ తెల్లగానే ఉండేదాకా కడిగి, వెంటనే ఆయిలు పూయాలి.

ఆయిలు కూలరు లోపలి సన్నని దారులలో ఇరుక్కున్న లోహపు రజనును పూర్తిగా కడిగి తీయటం దాదాపు అసాధ్యం. దానిని మార్చటమే శ్రేయస్కరం. టర్బోకు ఆయిలు తెచ్చే గొట్టం, తీసుకుపోయే గొట్టం కొత్తవి కావాలి. పాత టర్బో చక్రం విరిగి ఉంటే, ఆ ముక్కలు గాలిని చల్లబరచే ఇంటర్‌కూలరులో దాగి ఉండవచ్చు. కడగకుండా వదిలితే కొత్త ఇంజను వాటిని మింగుతుంది. టర్బో ఆయిలు గొట్టం బిగించేటప్పుడు జిగురు పేస్టు వాడరాదు; లోపలికి ఊడిపడ్డ చిన్న పెచ్చు చాలు ఆ సన్నని దారిని మూయటానికి.

తిరిగి కట్టటం, తొలి ప్రాణం

రింగు రెండు కొసల నడుమ ఉండే చిన్న సందు టర్బో ఇంజనులో మరీ ముఖ్యం. వేడికి రింగు సాగుతుంది. చోటు లేకపోతే కొసలు ఢీకొని రింగు బిగిసి, పిస్టన్ అంచునే పగులగొడుతుంది. అందుకే ఒక్కొక్క రింగును దాని సిలిండరులోనే పెట్టి కొలిచి చూస్తారు. హెడ్ బోల్టులు అనేక ఆధునిక ఇంజనులలో ఒక్కసారి సాగి బిగుసుకునేవి. వాటిని తిరిగి వాడరాదు. టైమింగ్ బెల్టు, దాని రోలర్లు, నీళ్ళ పంపు ఇప్పుడే మార్చాలి. ఈ రకం ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను వంచుతాయి గనుక అది మిగులుబాటు చేసే చోటు కాదు.

ఇల్లు అలకగానే పండుగ కాదు. తొలిసారి స్టార్టు చేసే ముందు టర్బోలో కొంచెం ఆయిలు పోసి, మంట పుట్టకుండా ఇగ్నిషన్, ఇంధనం నిలిపివేసి, పీడనం వచ్చేదాకా స్టార్టరుతో తిప్పాలి. అప్పుడే మంట. తరువాత గంటల తరబడి నిలిపి ఉంచి నడపరాదు. ఒక మోస్తరు భారంతో, వేగం మారుస్తూ నడిపితేనే రింగులు సిలిండరుకు కుదురుకుంటాయి. తొలి ఆయిలును, ఫిల్టరును కొన్ని వందల మైళ్ళకే మార్చాలి. ఆ ఫిల్టరును కోసి చూస్తే లోపల మిగిలిన రజను ఎంతో తెలుస్తుంది.

చేయించవలెనా, మానవలెనా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజనును బోరు చేయించి మళ్ళీ రోడ్డెక్కించటం మామూలు సంగతి. అక్కడ పనివాని నేర్పు చేరువ, విడిభాగం ఖరీదు. అమెరికాలో లెక్క తారుమారు: పనిగంటలే ఖరీదు. అందుచేత ఇక్కడ మూడు దారులను పోల్చి చూడాలి. ఒకటి, తుక్కు యార్డునుంచి పాత ఇంజను. చౌకే కాని దాని లోపలి చరిత్ర ఎవరికీ తెలియదు. రెండు, హామీతో వచ్చే ఫ్యాక్టరీ పునర్నిర్మిత ఇంజను. మూడు, ఉన్న ఇంజనునే కట్టించటం. కారు చట్రం తుప్పు పట్టక, గేరుబాక్సు బాగుండి, మరి కొన్నేళ్ళు ఉంచుకునే ఉద్దేశం ఉంటేనే మూడవ దారి అర్థవంతం. కారు విలువకు మించి ఖర్చైతే మమకారం తప్ప వేరే కారణం ఉండదు.

కట్టించదలిస్తే ఈ ప్రశ్నలు అడగండి:

1. కొలతలన్నీ కాగితం మీద వ్రాసి ఇస్తారా?
2. ఆయిలు చెడటానికి మూలకారణం ఏమని తేల్చారు?
3. ఆయిలు కూలరు, టర్బో గొట్టాలు, ఆవిరి గొట్టాలు అంచనాలో ఉన్నాయా?
4. ఇంటర్‌కూలరును కడుగుతారా?
5. హామీ ఎన్ని మైళ్ళకు, పనికూలికి కూడా వర్తిస్తుందా?

రెండవ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మరొక చోటికి వెళ్ళటం మంచిది.

ఇక ఇంత దూరం రాకుండా ఉండే మార్గం చాలా తేలిక. కారు మాన్యువల్‌లో చెప్పిన ప్రమాణానికి సరిపోయే సింథటిక్ ఆయిలునే పోయించండి. గరిష్ఠ గడువు దాకా ఆగకండి; పాత టర్బో కారుకు, చిన్న ప్రయాణాలే ఎక్కువగా చేసే కారుకు ఐదు వేల మైళ్ళకొకసారి మార్చటం మంచి అలవాటు. నెలకు రెండుసార్లైనా డిప్‌స్టిక్ తీసి చూడండి. చల్లని ఇంజనును వెంటనే ఉరికించవద్దు; కొండ ఎక్కి దిగిన వెంటనే, వేగంగా నడిపిన వెంటనే ఇంజను ఆపవద్దు, ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడవనివ్వండి. ఎర్రని ఆయిలు దీపం వెలిగితే ఇల్లు అరమైలే ఉన్నా అక్కడే ఆపండి. ఆ అరమైలు ఖరీదు ఒక ఇంజను కావచ్చు. ఆయిలు మార్చిన రసీదులు దాచండి; సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అవే అడిగి చూడండి, ఆయిలు మూత తీసి లోపలికి ఒకసారి తొంగి చూడండి. అక్కడ నల్లని మడ్డి కనిపిస్తే, రంగు ఎంత మెరుస్తున్నా, ధర ఎంత ఊరిస్తున్నా ఆ కారును వదిలివేయండి.

మన పిల్లలకు కారు తాళాలు ఇచ్చే రోజున నడపటం ఎలాగో నేర్పుతాము, వేగపరిమితి చెబుతాము, ఇన్సూరెన్సు కాగితాలు చూపిస్తాము. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ చూడటం కూడా ఆనాడే నేర్పితే అర నిమిషం పట్టే ఆ విద్య వారికి ఎన్నో వేల డాలర్లు మిగులుస్తుంది. నట్టనడి రహదారిలో రాత్రివేళ ఒంటరిగా నిలిచిపోయే పరిస్థితిని కూడా తప్పిస్తుంది.